జకాత్ ఇచ్చాం సరే, లెక్క ఎక్కడ?

2025వ సంవత్సరంలో ముస్లిం ఇళ్లల్లో రెండు వార్తల గురించి మాట్లాడుకోని రోజు లేదంటే అతిశయోక్తి కాదు. మొదటిది బంగారం ధర. ఆ ఏడాది ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. రెండవది వక్ఫ్ సవరణ చట్టం. అదే నెల 8వ తేదీన అది అమలులోకి వచ్చింది. ఒకటి బజారు వార్త, మరొకటి రాజకీయ వార్త అనుకుని వాటిని వేరువేరుగానే చర్చించుకున్నాం. కాస్త ఆలోచిస్తే రెండూ ఒకే విషయానికి చెందినవని తెలుస్తుంది. బంగారం ధర పెరిగితే, బ్రతికి ఉన్న మనం పేదవానికి బాకీపడిన మొత్తం పెరుగుతుంది. వక్ఫ్ అంటే మనకంటే ముందు వెళ్లిపోయినవారు పేదవాని కోసం వదిలివెళ్లిన సొత్తు. మొదటిది మనం ఇవ్వవలసిన దానం. రెండవది మనం కాపాడవలసిన దానం. ఈ రెండు చోట్లా మన సముదాయం వెనుకబడింది ఔదార్యంలో కాదు, లెక్కలో.

నమాజు రకాతులు లెక్కపెట్టుకుని చదువుతాం. ఉపవాసాలు ఎన్ని తప్పాయో గుర్తుపెట్టుకుని తరువాత తీర్చుకుంటాం. జకాత్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఏదో తోచినంత ఇచ్చాం' అంటాం. తోచినంత ఇచ్చేది సదఖా. జకాత్ అలా కాదు. అది లెక్క ప్రకారం తీర్చవలసిన విధి.

తులాల లెక్క

హనఫీ ఉలమా చెప్పే ప్రకారం బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండికి యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. 2025 ఆరంభంలో కిలో వెండి లక్ష రూపాయల చుట్టుపక్కల ఉండేది. అప్పుడు వెండి నిసాబ్ విలువ సుమారు 61 వేలు. ఏడాది చివరికి కిలో 2 లక్షలు దాటింది. నిసాబ్ కూడా లక్షా 22 వేలు దాటింది. కనుక నిరుటి అంకె పట్టుకుని ఈ ఏడాది లెక్క చేయరాదు. జకాత్ తీర్చవలసిన రోజున ఉన్న ధరనే చూడాలి.

చిల్కానగర్‌లోని ఒక మామూలు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇంటి ఇల్లాలికి పెళ్లినాటి నగలు 5 తులాలు ఉన్నాయి. చేతిలో ఖర్చుకు మించి కాస్త నగదు కూడా ఉంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. 'ఏడున్నర తులాలు లేవు కదా, మాకు జకాత్ లేదు' అంటారు. బంగారం తప్ప నగదు గానీ, వెండి గానీ, వ్యాపార సరుకు గానీ ఏమీ లేనివారి విషయంలో ఆ మాట నిజమే. కాని కొద్దిపాటి నగదు కలిసినా హనఫీ ఫిఖ్హ్ ప్రకారం రెండింటి విలువ కూడి వెండి నిసాబ్‌తో పోల్చి చూడాలి. వాడుకునే నగలపైన కూడా హనఫీల దృష్టిలో జకాత్ ఉంది. 5 తులాలంటే 58.32 గ్రాములు. గ్రాముకు పది వేల చొప్పున 5 లక్షల 83 వేల 200 రూపాయలు. అందులో రెండున్నర శాతం 14 వేల 580 రూపాయలు.

నెల జీతం మీద బ్రతికే ఇంటికి ఒక్కసారిగా 14 వేలు తీయడం కష్టమే. అందుకే ఎంతోమంది లెక్క చూడడానికే భయపడి మౌనంగా ఉండిపోతున్నారు. షరీఅత్‌లో దీనికి సులువు ఉంది. నిసాబ్ ఉన్న వ్యక్తి సంవత్సరం పూర్తి కాకముందే జకాత్‌ను కొంచెం కొంచెంగా ముందుగా చెల్లించవచ్చు. నెలకు 1,215 రూపాయలు జకాత్ సంకల్పంతో తీసి ఇస్తూపోతే ఏడాది తిరిగేసరికి బాధ్యత తీరుతుంది. రమజాన్‌లోనే ఇవ్వాలన్న నియమం లేదు. పుణ్యం అధికమని రమజాన్ కోసం ఆగుతాం, మంచిదే. కాని పేదవాని ఇంటి అద్దె పన్నెండు నెలలూ వస్తుంది. పిల్లల ఫీజు జూన్‌లో కట్టాలి. జబ్బు నెల చూసి రాదు.

ఎవరికి ఇస్తున్నాం?

జకాత్ ఎవరికి చెందుతుందో తౌబా సూరా 60వ ఆయత్‌లో అల్లాహ్ స్వయంగా ఎనిమిది వర్గాలను నిర్ణయించాడు. నిరుపేదలు, అగత్యపరులు, జకాత్ వసూలు చేసే ఉద్యోగులు, మనసులు గెలుచుకోవలసినవారు, బానిసల విముక్తి, అప్పులలో కూరుకుపోయినవారు, దైవమార్గం, బాటసారులు. ఇందులో మూడవ వర్గాన్ని గమనించండి. వసూలు చేసే ఉద్యోగుల ప్రస్తావన ఉందంటే, జకాత్ ఒక పద్ధతి ప్రకారం, ఒక ఏర్పాటు ప్రకారం జరగవలసిన పని అని అర్థం. తలుపు ముందు నిలబడిన పది మందికి వంద రూపాయల నోట్లు పంచి చేతులు దులుపుకునే పని కాదు.

వసూలు చేసేవారి నుంచి దైవప్రవక్త (సఅసం) లెక్క అడిగేవారు. ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపితే, ఆయన తిరిగివచ్చి ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు కుప్పలు పోశాడు. ఆయన తన ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని దైవప్రవక్త మింబర్ మీది నుంచే అందరి ముందూ ప్రశ్నించారు. లెక్క అడగడం అనుమానించడం కాదని, అది సున్నత్ అని ఈ సంఘటన నేర్పుతుంది. కమిటీ సదర్ సాహెబ్‌ను లెక్క అడిగితే 'నా మీద నమ్మకం లేదా' అని కోపగించుకునే అలవాటు మన బస్తీలలో పోవాలి.

మరొక సంఘటన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)ది. ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే తిరిగి ఇవ్వాలన్నది ఆయనను యమన్‌కు పంపేటప్పుడు దైవప్రవక్త చేసిన ఉపదేశ సారాంశం. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ముఆజ్ యమన్ జకాత్‌లో మూడవ వంతు మదీనాకు పంపితే, ఖలీఫా సంతోషించలేదు సరికదా, అక్కడి పేదల హక్కు ఇక్కడికెందుకు పంపావని అడిగారు. పుచ్చుకునేవారు దొరకలేదని ముఆజ్ జవాబిచ్చారు. మరుసటి ఏడాది సగం, మూడవ ఏడాది మొత్తం మదీనాకు వచ్చాయి. అబూ ఉబైద్ తన కితాబుల్ అమ్వాల్‌లో దీన్ని నమోదు చేశారు. పుచ్చుకునేవారు దొరకలేదని చెప్పాలంటే ముందు వెదకాలి. వెదకాలంటే ఇంటింటి వివరాలు తెలియాలి. మూడేళ్లలో యమన్‌లో అది సాధ్యమైంది. మన మొహల్లాలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో మనకు తెలుసా?

చిల్కానగర్ చుట్టూ చూస్తే

మన ప్రాంతం పాత నగరం వంటిది కాదు. తరతరాల బంధువులు, పెద్ద దర్గాలు, పేరున్న దాతలు పక్కనే ఉండే వాతావరణం ఇక్కడ లేదు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలలో పని కోసం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. 2007లో జీహెచ్ఎంసీలో కలిసేదాకా ఇది ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీలో భాగం. పక్కింటివారు ఏ ఊరివారో తెలియని చోట పేదరికం తలుపుల వెనుక దాగి ఉంటుంది. ఆత్మాభిమానం వల్ల చేయి చాచనివారిని అడగనక్కరలేని ధనవంతులని లోకం పొరబడుతుందని బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఇటువంటి వారే జకాత్‌కు ముందు హక్కుదారులు. వారు మన తలుపు తట్టరు. మనమే వారి తలుపు తట్టాలి.

2018లో మొదలైన ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులే చూడండి. ఏళ్ల తరబడి సాగిన ఆ పనుల వల్ల వరంగల్ రోడ్డు పక్కన దుమ్ములో, గుంతలలో బేరాలు పడిపోయిన చిన్న దుకాణదారులు ఎందరో. అద్దెకు, సరుకుకు ఫైనాన్స్ తెచ్చి వడ్డీలు కట్టినవారు వారిలో ఉన్నారు. వారిని చూస్తే ఎవరూ పేదలని అనరు. పైకి షట్టర్ ఉంది, లోపల అప్పు ఉంది. తౌబా సూరా చెప్పిన రుణగ్రస్తుల వర్గం అంటే ఇటువంటివారు కాక మరెవరు? వడ్డీ హరామ్ అని మింబర్ మీద చెబుతాం. వడ్డీ కోరల నుంచి ఒక్కరిని బయటికి లాగే సొమ్ము మన దగ్గరే ఉండి కూడా వందల నోట్లుగా చెదిరిపోతోంది. పదిహేను మంది తమ జకాత్ కలిపితే ఏడాదికి ఇద్దరు ముగ్గురి అప్పు పూర్తిగా తీర్చవచ్చు. మరుసటి ఏడాది వారు చేయి చాచేవారు కాకుండా చేయి అందించేవారు కావచ్చు. జకాత్ ఉద్దేశం కూడా అదే.

దానానికి ముందు న్యాయం

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. నెలకు 21 వేల రూపాయల లోపు జీతం ఉన్న కార్మికునికి, పది మందీ అంతకు మించీ పనిచేసే చోట, ఈఎస్ఐ చట్టబద్ధమైన హక్కు. 2019 జూలై నుంచి యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. 15 వేల జీతానికి యజమాని కట్టవలసింది నెలకు 487 రూపాయల 50 పైసలు. ఈ మాత్రం తప్పించుకోవడానికి పనివారి పేర్లు రిజిస్టరులో చూపని యజమానులు అన్ని మతాలలోనూ ఉన్నారు. మనలోనూ ఉన్నారు. అదే పనివాని భార్య జబ్బుపడితే రమజాన్‌లో అతనికి రెండు వేలు జకాత్ ఇచ్చి పుణ్యం చేశామనుకుంటారు.

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త ఉపదేశం మనందరికీ కంఠస్థమే. కూలి అంటే చేతికిచ్చే నోట్లు మాత్రమే కాదు. చట్టం అతనికిచ్చిన హక్కు కూడా అందులో భాగమే. హక్కును ఎగ్గొట్టి దానం చేయడం ఒకరి జేబులో తీసి అతనికే బహూకరించడం వంటిది. రెండున్నర శాతం ఇచ్చేవారు ఆ మూడుంపావు శాతాన్ని కూడా లెక్కలో రాసుకోవాలి. అల్లాహ్ హక్కులో లోపం జరిగితే ఆయన క్షమించవచ్చు. దాసుల హక్కులో లోపం జరిగితే ఆ దాసుడే క్షమించాలని మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

పెళ్లిళ్ల విషయం కూడా ఇటువంటిదే. తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబర్ 2న షాదీ ముబారక్ పథకం ప్రారంభించినప్పుడు సహాయం 51 వేలు. 2018లో అది లక్షా 116 రూపాయలు అయింది. పేద తండ్రి భారం తగ్గించడానికి వచ్చిన సొమ్ము అది. మనం ఏం చేశాం? ఫంక్షన్ హాలు పెద్దదయింది, వంటకాలు పెరిగాయి, జోడే కీ రకం పెరిగింది. సహాయం రెట్టింపైనా అప్పు తగ్గలేదు. ఆడపిల్ల తండ్రి మళ్లీ మసీదు మెట్ల మీద జకాత్ కోసం నిలబడ్డాడు. వరుడు అడగడం మానకుండా వధువు తండ్రికి దానం చేస్తూపోతే, ఆ దానం చివరికి చేరేది వరుని ఇంటికే.

పూర్వీకుల దానం ఏమైంది?

ఇక రెండవ వార్తకు వద్దాం. హజ్రత్ ఉమర్‌కు ఖైబర్‌లో మంచి భూమి లభించినప్పుడు దానిని ఏం చేయమంటారని దైవప్రవక్తను అడిగారు. అసలు నిలిపి ఉంచి, ఫలసాయం దానం చేయమని ఆయన సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచరాదు. చూసుకునేవాడు న్యాయంగా తన అవసరం మేరకు తినవచ్చు గాని, కూడబెట్టుకోరాదు. వక్ఫ్‌కు పునాది ఇదే. ఈ షరతులలోని ప్రతి మాటా ముతవల్లీని కట్టిపడేసే మాటే.

2006లో సచార్ కమిటీ నివేదిక ఏం చెప్పింది? దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4 లక్షల 90 వేలు, భూమి సుమారు 6 లక్షల ఎకరాలు, మార్కెట్ విలువ సుమారు లక్షా 20 వేల కోట్లు. వాటి మీద ఏటా వచ్చే ఆదాయం 163 కోట్లు. సక్రమంగా వినియోగిస్తే కనీసం 12 వేల కోట్లు రావచ్చని కమిటీ అంచనా వేసింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా ఎవరిది? వితంతువులది, అనాథలది, చదువు మానేసిన పిల్లలది.

2025 చట్టం మీద మన సముదాయానికి తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని న్యాయస్థానంలో వినిపించే హక్కూ ఉంది. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో అయిదేళ్లు ఇస్లాం ఆచరించి ఉండాలన్న నిబంధనను నిలిపివేసింది. ప్రభుత్వ భూమి వివాదాలలో అధికారికి ఇచ్చిన కొన్ని అధికారాలకు అడ్డుకట్ట వేసింది. ముస్లిమేతర సభ్యుల సంఖ్య కేంద్ర మండలిలో నాలుగుకు, రాష్ట్ర బోర్డులలో మూడుకు మించరాదని చెప్పింది. నమోదు నిబంధనను మాత్రం ఆపలేదు. నమోదు అనేది పాత చట్టాలలోనూ ఉన్నదేనని గుర్తుచేసింది. ఈ చివరి మాట మనం విని తీరాలి. 1923లో వచ్చిన ముసల్మాన్ వక్ఫ్ చట్టం ముఖ్యోద్దేశమే ముతవల్లీలు ఆస్తి వివరాలు, జమాఖర్చులు సమర్పించాలని. అంటే లెక్క చూపమని అడగడం మొదలై వందేళ్లు దాటింది.

ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న తెరుచుకుని డిసెంబర్ 6న మూతపడింది. దేశమంతటా 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలైతే, ఆనాటికి ఆమోదం పొందినవి 2 లక్షల 17 వేల లోపే. పోర్టల్ ఇబ్బందులు నిజమే. గడువు తక్కువన్నదీ నిజమే. కాని కాగితాలు చేతిలో లేకపోవడం, ఖబ్రస్తాన్ సర్వే నంబరు కమిటీలో ఎవరికీ తెలియకపోవడం, పాత ముతవల్లీ ఇంటి బీరువాలోనే మున్తఖబ్ ఉండిపోవడం, ఇవి పోర్టల్ చేసిన తప్పులు కావు.

కాగితం విలువ ఏమిటో మణికొండ చెబుతుంది. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు చెప్పిన 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జాగీర్ల రద్దుతో ఆ భూములు ప్రభుత్వానికి చేరాయని, 2006లో వెలువడిన సవరణ గెజిట్ చెల్లదని కోర్టు చెప్పింది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, దశాబ్దాల తరువాత సవరించిన కాగితం నిలబడలేదన్నది పాఠం. మనకు పొరుగునే ఉన్న బోడుప్పల్‌లో వక్ఫ్ వివాదం వల్ల కొన్ని కాలనీలలో రిజిస్ట్రేషన్లు ఆగిపోయి, ప్లాట్లు కొనుక్కున్న మామూలు కుటుంబాలు రోడ్డెక్కాయి. సకాలంలో లెక్కలు సరిగా లేకపోతే నష్టపోయేది పేద ముస్లిమే కాదు, ఏ పాపం ఎరుగని పొరుగువాడు కూడా.

పొరుగువాడంటే ఎవరు?

చిల్కానగర్‌లో మన గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు చాలాసార్లు హిందూ సోదరునిదో, క్రైస్తవ సోదరునిదో అయి ఉంటుంది. పొరుగువాడు పస్తుండగా కడుపు నింపుకుని నిద్రపోయేవాని విశ్వాసం సంపూర్ణం కాదని దైవప్రవక్త బోధించినప్పుడు పొరుగువాని మతం అడగలేదు. జకాత్ ముస్లిం పేదలకే చెందుతుందన్నది ఫుఖహాలలో అధిక సంఖ్యాకుల అభిప్రాయం. సదఖాకు ఆ హద్దు లేదు. 2020 అక్టోబర్ వానలకు మన నగరంలో ఇళ్లు మునిగినప్పుడు, అదే ఏడాది లాక్‌డౌన్‌లో కూలీలు నడిచి వెళ్లినప్పుడు మన యువకులు అందరికీ అన్నం పెట్టారు. విపత్తులో కనిపించే ఆ చేయి మామూలు రోజులలో కూడా కనిపించాలి.

మన ముందున్న పని

ఇందుకు పెద్ద సంస్థలు అక్కరలేదు. ప్రతి మసీదు కమిటీ తన పరిధిలోని వితంతువులు, అనాథలు, దీర్ఘరోగులు, అప్పులపాలైనవారి జాబితా తయారుచేసుకోవచ్చు. పేర్లు మాత్రం గుట్టుగా ఉండాలి. దానం చేసి ఎత్తిపొడవడం, నొప్పించడం ఆ దానాన్నే వ్యర్థం చేస్తుందని ఖుర్ఆన్ హెచ్చరించింది. బియ్యం సంచీతో పేదవాని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం ఆ కోవలోకే వస్తుంది. జాబితా తయారీలో స్త్రీలకు చోటు ఇవ్వాలి. ఏ ఇంట్లో ఏముందో వారికే బాగా తెలుసు.

జకాత్ సొమ్ము, మసీదు చందా, సదఖా మూడింటికీ మూడు పుస్తకాలు ఉండాలి. జకాత్‌తో మసీదు గోడ కట్టరాదు, మినార్‌కు రంగు వేయరాదు. అది పేదవాని చేతికి సొంతం కావాలి. ప్రతి నెలా ఒక జుమా నాడు ఎంత వచ్చింది, ఎంత వెళ్లింది, ఎంత మిగిలింది అని నోటీసు బోర్డు మీద రాయాలి. మసీదు, ఖబ్రస్తాన్ కాగితాల నకళ్లు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. నమోదు ఏ దశలో ఉందో, ఏమి మిగిలిందో జమాఅత్‌కు చెప్పాలి. ఏడాదికి లక్ష దాటిన ఆదాయం ఉన్న వక్ఫ్ సంస్థలకు ఆడిట్ తప్పనిసరి అని కొత్త చట్టం అంటోంది. చట్టం చెప్పకముందే మన దీన్ ఆ మాట చెప్పింది.

తెలంగాణ ప్రభుత్వం 2024లో చేసిన కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో 10.08 శాతం బీసీ ముస్లింలు. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురు వెనుకబడినవారే. ఇంత పేదరికాన్ని ఏదో ఒక పథకం వచ్చి తుడిచేస్తుందని చేతులు కట్టుకుని కూర్చోలేం. ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుదాం. దానితోపాటు మనల్ని మనం అడుగుకుందాం.

మహ్షర్ మైదానంలో ధనం గురించి రెండు ప్రశ్నలు ఉంటాయని దైవప్రవక్త మనకు ముందే తెలిపారు. ఎలా సంపాదించావు, ఎక్కడ ఖర్చు చేశావు అని. ఆ రెండో ప్రశ్నకు 'తోచినంత ఇచ్చాను' అన్నది జవాబు కాదు. ఈ జుమా నమాజు తరువాత ఇంటికి వెళ్లి ఒక కాగితం, కలం తీసుకుని కూర్చోండి. ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకోండి, నగలు ఆమెవి, జకాత్ బాధ్యత కూడా ఆమెదే. తూకం, ధర, నగదు, రావలసిన బాకీలు, తీర్చవలసిన అప్పులు వరుసగా రాయండి. మన దానాలను స్వీకరించి, మన లెక్కను సులభతరం చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.